కదిలే ఇంటికి గ్యాసుబండ

మనిషి ఇల్లు విడిచి దూరప్రయాణానికి బయలుదేరినప్పుడు అతనితోపాటు పొయ్యి కూడా బయలుదేరుతుంది. పూర్వం బిడారులు కట్టి వాణిజ్యానికి వెళ్లిన వర్తకులు, ఎడ్లబండ్లపై తీర్థయాత్రలకు తరలిన కుటుంబాలవారు బియ్యం, పప్పు మూటగట్టుకొనేవారు గాని కట్టెలు మూటగట్టుకొనేవారు కారు. మూడు రాళ్లు, నాలుగు ఎండుపుల్లలు దారిలో ఎక్కడైనా దొరుకుతాయన్న ధీమా వారికి ఉండేది. అరణ్యవాసానికి తనవెంట వచ్చిన విప్రులకు అన్నం పెట్టడం ఎలాగన్న చింతతో ధర్మరాజు సూర్యుని ఆరాధించి అక్షయపాత్రను పొందిన కథ ఆంధ్రమహాభారత అరణ్యపర్వంలో ఉన్నది. అక్కడ కూడా చింత అన్నం గురించే గాని వంటచెరకు గురించి కాదు. నేటి ప్రయాణికుని స్థితి ఇందుకు తలక్రిందులు. బియ్యమైనా రొట్టె అయినా ఏ ఊళ్లోనైనా కొనవచ్చు. నిప్పును మాత్రం వెంట తీసుకొనిపోక తప్పదు.

ఐరోపా ఖండంలో, ముఖ్యంగా బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్ దేశాలలో, ‘క్యాంపర్‌వ్యాన్’ అనే వాహనం రోడ్లపై విరివిగా కనిపిస్తుంది. అది వ్యానే గాని లోపల ఒక చిన్న ఇల్లు అమరి ఉంటుంది. మడిస్తే ఆసనమై, పరిస్తే పడకయ్యే పరుపు, చేతులు కడుగుకొనే తొట్టి, రెండు బర్నర్ల పొయ్యి, చిన్న ఫ్రిజ్, చలికాలానికి ఒక హీటరు అందులో ఉంటాయి. 1950 ప్రాంతంలో జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ వ్యాన్లు తయారుచేయడం ప్రారంభించిన కొద్దికాలానికే వాటిని ఇలా ఇళ్లుగా మార్చే పని మొదలయినది. సెలవులకు వారంరోజులు తిరిగివచ్చేవారు కొందరు. ఉద్యోగవిరమణ తరువాత నెలల తరబడి దేశాలు చుట్టేవారు మరికొందరు. అద్దెల భారం భరించలేక బండినే నివాసంగా చేసుకొన్నవారు ఇంకొందరు. వీరందరికీ సామాన్యమైన సమస్య ఒకటి ఉన్నది. పొయ్యి వెలగడానికి కావలసిన గ్యాసును ఎటువంటి బండలో పెట్టుకోవాలి? అది అయిపోయినప్పుడు ఎక్కడ, ఎలా నింపుకోవాలి?

వినడానికి ఇది చిన్న విషయంలా తోచవచ్చు. తెలుగునాట గ్యాసు అయిపోతే ఫోను చేసి చెబుతారు. రెండుమూడు రోజులకు నిండుబండ గుమ్మంలోకి వస్తుంది, ఖాళీబండ వెళ్లిపోతుంది. ఇల్లు కదలదు గనుక బండే ఇంటికి వస్తుంది. ఇల్లే కదిలేటప్పుడు వ్యవహారమంతా మారిపోతుంది. ఆ ఎంపికను అర్థం చేసుకోవాలంటే మొదట బండలో ఉన్న పదార్థం స్వభావం తెలియాలి.

వంటగ్యాసు బండలో ఉన్నప్పుడు వాయువు కాదు, ద్రవం. పెట్రోలియం నుండి, సహజవాయువు నుండి వేరుచేసిన ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువులను ఒత్తిడితో ద్రవంగా మార్చి బండలో నింపుతారు. నిలువ ఉంచిన పెట్రోలు ఊరకే ఆవిరైపోవడానికి కారణమేమిటో అన్వేషిస్తూ 1910లో వాల్టర్ స్నెల్లింగ్ అనే అమెరికన్ రసాయనశాస్త్రవేత్త ప్రొపేన్‌ను గుర్తించాడు. భారతదేశంలో వంటగ్యాసు 1955లో బొంబాయిలో అడుగుపెట్టింది. సామాన్య కుటుంబాలకు అందడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం వలన ఎందరో గ్రామీణ మహిళలు కట్టెపొయ్యి పొగనుండి మొదటిసారి బయటపడ్డారు.

ద్రవం వాయువుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు రెండువందల యాభై రెట్లు పెరుగుతుంది. చిన్న బండలో వారాల తరబడి సరిపోయే ఇంధనం ఇమిడిపోవడానికి కారణం ఇదే. అంత ఇంధనాన్ని అంత చిన్నచోట బంధించినందువలన వచ్చే ప్రమాదానికి కారణం కూడా ఇదే.

ప్రొపేన్, బ్యూటేన్ అన్నదమ్ములవంటివే గాని స్వభావాలు వేరు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. సాధారణ బ్యూటేన్ మరిగేది ఇంచుమించు సున్నా డిగ్రీల దగ్గర. కనుక బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు బ్యూటేన్ బండ నిండుగా ఉన్నా అందులోని ద్రవం ఆవిరి కాదు, పొయ్యి వెలగదు. మంచు కురిసే రాత్రి హీటరు అత్యవసరమైన వేళకు బండ మొరాయిస్తుందన్న మాట. ప్రొపేన్‌కు ఈ ఇబ్బంది లేదు. దాని చిక్కు వేరు: 20 డిగ్రీల వద్దనే బండలోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి ఎనిమిది రెట్లు దాటుతుంది. బ్యూటేన్‌కు అదే ఉష్ణోగ్రతవద్ద రెండు రెట్లకు కాస్త ఎక్కువ. అందుచేత ప్రొపేన్‌ను భరించే బండ గట్టిదై ఉండాలి. బ్రిటన్‌లో ప్రొపేన్ బండలకు ఎరుపు, బ్యూటేన్ బండలకు నీలం రంగు వేయడం అలవాటు.

లంబసింగి వంటి కొన్ని చోట్ల తప్ప తెలుగునాట చలి సున్నా డిగ్రీల దగ్గరకు రాదు. అందుచేత రెండింటి మిశ్రమం ఇక్కడి వంటిళ్లకు చక్కగా సరిపోతుంది. అయినా బండ అడుగంటే రోజులలో, పుష్యమాసపు ఉదయాలలో, మంట నీరసించడం గృహిణులు గమనించేవుంటారు. తేలికగా ఆవిరయ్యే ప్రొపేన్ ముందుగా ఖర్చయి, బ్యూటేన్ ఎక్కువగా మిగలడం దానికి ఒక కారణం. మరొక కారణం కూడా ఉన్నది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది తన నుండి, బండ గోడలనుండి తీసుకొంటుంది. గ్యాసును వేగంగా వాడితే బండ చల్లబడి, ఒక్కొక్కసారి దానిపై మంచుపొర కూడా కడుతుంది. బండ చిన్నదయ్యేకొద్దీ ఈ ఇబ్బంది ఎక్కువ. బండిలో హీటరు, పొయ్యి ఒకేసారి వెలిగించేవారు బండ పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడు దీనిని మరువరాదు.

ఇక బండల విషయం. యాత్రికునికి ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నవి: ఖాళీబండ ఇచ్చి నిండుబండ పుచ్చుకోవడం, తన బండనే పెట్రోలు బంకులో నింపించుకోవడం, బండి అడుగుభాగాన శాశ్వతంగా ఒక ట్యాంకు బిగించుకోవడం.

మొదటిది మనకు పరిచయమైనదే. బ్రిటన్‌లో 1935లో స్థాపితమైన కేలర్ సంస్థ, ఫ్రాన్స్‌లో 1949లో పుట్టిన క్యాంపింగ్‌గ్యాజ్ ఈ పద్ధతిలో పేరుపడ్డవి. మొదట ఒప్పందంపై కొంత సొమ్ము చెల్లిస్తే బండ ఇస్తారు. అయితే బండ ఎన్నటికీ సంస్థదే. అందులోని గ్యాసు మాత్రమే వాడుకొనేవానిది. ఇందులో సౌలభ్యం ఉన్నది. బండ పాతబడినా, దానికి పరీక్షలు జరిపించవలసివచ్చినా ఆ బాధ్యత సంస్థదే. ఏడాదికి పదిరోజులు మాత్రమే బండి బయటికి తీసేవారికి ఇంతకుమించిన మార్గం లేదు.

చిక్కంతా సరిహద్దు దాటినప్పుడు. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క రకం బండ, ఒక్కొక్క రకం వాల్వు. బ్రిటన్ బండను జర్మనీలో ఎవరూ తీసుకోరు. జర్మనీ బండ స్పెయిన్‌లో చెల్లదు. క్యాంపింగ్‌గ్యాజ్ వారి నీలిబండ చాలా దేశాలలో దొరుకుతుంది గాని అందులో పెద్దదానికే 2.75 కిలోల బ్యూటేన్ మాత్రమే పడుతుంది. చలికి పనిచేయని వాయువు, అదీ కొద్దిపాటి పరిమాణం! వేసవి వంటకు సరే గాని శీతాకాలపు హీటరుకు అది చాలదు. మరొక లోపం సూక్ష్మమైనది. బండలో ఎంత మిగిలిందో తెలియదు. దూరం వెళ్లేముందు సగం ఉన్న బండను ఇచ్చి నిండుబండ తెచ్చుకొంటే మిగిలిన సగానికి డబ్బు తిరిగిరాదు. తడిబట్టతో బండను తుడిచి, ఎంతవరకు తడి ఆరకుండా ఉన్నదో చూసి, ద్రవం అక్కడిదాకా ఉన్నదని అంచనా వేసే ఉపాయం మన ఇళ్లలో ఉన్నదే. అక్కడివారికీ అదే దిక్కు.

రెండవ మార్గం, అంటే మళ్లీమళ్లీ నింపుకొనే సొంతబండ, ఈ చిక్కులకు విరుగుడుగా వచ్చినది. కార్లను నడపడానికి ఐరోపా అంతటా బంకులలో ‘ఆటోగ్యాస్’ అమ్ముతారు. హైదరాబాదు ఆటోలలో వాడే ఎల్‌పీజీ ఇటువంటిదే. బ్రిటన్ ఆటోగ్యాస్‌లో అత్యధికభాగం ప్రొపేనే. ఇది లీటర్ల లెక్కన అమ్ముడవుతుంది. బండను మార్చుకొని తెచ్చుకొనే గ్యాసుతో పోలిస్తే కిలో ధర సాధారణంగా చాలా తక్కువ పడుతుంది. ఎంత ఖాళీ అయితే అంతే నింపుకోవచ్చు. ఈ అవకాశాన్ని ఆధారం చేసుకొని బ్రిటన్‌లో గ్యాస్‌లో, సేఫ్‌ఫిల్ వంటి పేర్లతోను, జర్మనీలో అలుగ్యాస్ పేరుతోను ప్రత్యేకమైన బండలు అమ్మకానికి వచ్చినవి.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా పుడుతుంది. పంపు ఉన్నది, బండ ఉన్నది. ఏదో ఒక గొట్టం కలిపి మామూలు బండనే నింపుకోకూడదా? కొందరు అలా చేశారు. ఇప్పటికీ చేసేవారు ఉన్నారు. అది ప్రాణాంతకం కాగలదు. ఎందుకో వివరంగా తెలుసుకోవడం అవసరం.

ద్రవరూపంలో ఉన్న గ్యాసు వేడికి బాగా వ్యాకోచిస్తుంది. నీటికంటె ఎన్నోరెట్లు ఎక్కువగా. అందువలన ఏ బండనూ అంచుదాకా నింపరు. ఘనపరిమాణంలో ఇంచుమించు 80 శాతం ద్రవానికి, మిగిలిన 20 శాతం ఆవిరికి వదిలిపెడతారు. మన ఇళ్లలోని 14.2 కిలోల బండలో నిజానికి 33.3 లీటర్ల నీరు పడుతుంది. అందులోని గ్యాసుద్రవం ఆక్రమించేది ఐదింట నాలుగు వంతులకు మించదు. ఆ ఖాళీజాగా ఉన్నంతవరకు ఎండకు ద్రవం ఉబ్బినా ఫరవాలేదు. ఆ జాగా లేనప్పుడు ద్రవానికి వెళ్లే చోటు ఉండదు. ద్రవాన్ని నొక్కి కుదించడం సాధ్యం కాదు గనుక ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పెరిగినా ఒత్తిడి అమాంతం పెరిగిపోతుంది. అప్పుడు భద్రతావాల్వు తెరుచుకొని మండే వాయువును బయటికి చిమ్ముతుంది. అదీ పనిచేయకపోతే బండ చిట్లుతుంది. చల్లని ఉదయాన నింపిన బండ మధ్యాహ్నపుటెండలో మూసిన బండిలో ఉండడం ఎంత అపాయమో ఊహించుకోవచ్చు.

కర్మాగారంలో బండలను తూకంవేసి నింపుతారు. ఖాళీబండ బరువు దానిమీదే ముద్రించి ఉంటుంది. నిర్ణీతమైన కిలోలు చేరగానే ఆపివేస్తారు. కనుక ఆ బండలోపల నింపుదలను ఆపే యంత్రాంగమేదీ అవసరం లేదు, అందుచేత ఉండదు. బంకులోని పంపు తూకం వేయదు. నొక్కినంతసేపు తోస్తూనే ఉంటుంది. మీట నొక్కుతున్న మనిషికి లోపల ఎంత నిండిందో కనపడదు. నింపుకొనే బండ ప్రత్యేకత ఇక్కడే ఉన్నది. దాని లోపల ఒక తేలే బుడ్డి, దానికి కలిపిన వాల్వు ఉంటాయి. ఇంటిపైనున్న నీళ్లట్యాంకులో బంతి పైకి లేచి నీటిని ఆపినట్లే, ద్రవమట్టం 80 శాతానికి చేరగానే ఈ బుడ్డి లేచి దారి మూస్తుంది. పంపు దానంతట అది ఆగుతుంది. ఇంతేకాక పీడనం మితిమీరితే వదిలే వాల్వు, వెనుకకు కారకుండా ఆపే వాల్వు, మట్టాన్ని చూపే ముల్లు కూడ వీటిలో ఉంటాయి. నింపుకొనే బండకు అధికంగా చెల్లించే ధరలో ప్రధానభాగం ఈ యంత్రాంగానిదే. ఈ తేలే బుడ్డి సరిగా పనిచేయాలంటే బండ నిలువుగా, కదలకుండా ఉండాలన్నది కూడ గుర్తుంచుకోదగినది.

ఈ జాగ్రత్తలు పరదేశానికే పరిమితం కావు. ఇంటిబండనుండి చిన్నబండలలోకి, ఆటోలలోకి గ్యాసు ఎక్కించడం మనదేశంలో చట్టవిరుద్ధం. ఇరుకుగదులలో రహస్యంగా సాగే ఆ పనిలో తూకమూ లేదు, తేలే బుడ్డీ లేదు. గ్యాసు గాలికంటె బరువైనది: ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. కారిన గ్యాసు పొగలా పైకిపోదు. నీరులా నేలబారున పాకి పల్లంలో నిలుస్తుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకొంటుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం చమురుశుద్ధి కర్మాగారంలో కారిన గ్యాసు ఇలాగే నేలబారున పరచుకొని అంటుకొన్నది. యాభైమందికి పైగా మరణించారు. అది మహాప్రమాదం, బండిలోని బండ చిన్నది. అయినా వాయువు స్వభావం రెండుచోట్లా ఒకటే.

క్యాంపర్‌వ్యాన్లలో బండను ఉంచే అరను నిర్మించే తీరు ఈ స్వభావాన్ని అనుసరించే ఉంటుంది. ఆ అర తలుపు బయటికి తెరుచుకోవడం మేలు. మనుషులు పడుకొనే భాగంలోకి దానినుండి సందు ఉండరాదు. అర అడుగున, నేలలోనే, బయటికి రంధ్రం ఉండాలి. కారిన గ్యాసు బరువుకు తానే క్రిందికి జారి రోడ్డుపాలవుతుంది. ఆ రంధ్రంలోనుండి చలిగాలి వస్తున్నదని గుడ్డలు కుక్కేవారు ఉన్నారు. చలి తగ్గవచ్చు గాని, అంతకన్న అవివేకం మరొకటి లేదు. వినోదవాహనాలలో గ్యాసు అమరికకు ఐరోపాలో ఈఎన్ 1949 అనే ప్రమాణం ఉన్నది. బండనుండి వచ్చే ఒత్తిడిని తగ్గించి ఉపకరణాలకు 30 మిల్లీబార్ల వద్ద అందించే రెగ్యులేటరు వాడాలి. మన ఇంటి రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడి కూడ ఇంచుమించు అంతే. అయితే బండిలో దానిని బండమీద కాక, గోడకు, బండవాల్వుకంటె ఎత్తున బిగిస్తారు. గొట్టంలో ఆవిరి చల్లబడి ద్రవంగా మారినా అది రెగ్యులేటరులోకి కాక తిరిగి బండలోకే జారాలని ఈ ఏర్పాటు. ఆటోగ్యాస్‌లో కొద్దిపాటి జిడ్డు ఉంటుంది. రబ్బరుగొట్టాల నుండి కూడ జిడ్డు దిగుతుంది. ఇది రెగ్యులేటర్లను పూడ్చివేస్తుండడం వలన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు, వడపోత పరికరాలు వాడుకలోకి వచ్చినవి.

బండను నింపే ముఖద్వారం ఎక్కడ ఉండాలన్న విషయంలో రెండు పద్ధతులు ఉన్నవి. బండపైనే నేరుగా నింపడం ఒకటి. బండి బయటిగోడకు, పెట్రోలు మూత వలె, ఒక ముఖద్వారం అమర్చి లోపలి బండకు గొట్టం కలపడం మరొకటి. మొదటిది చౌక. బండిలో గోడకు రంధ్రం చేయనక్కరలేదు. బండి మారితే బండను కూడ పట్టుకొనిపోవచ్చు. అయినా రెండవదే ఉత్తమమని చెప్పాలి. బ్రిటన్‌లో చాలా బంకులవారు, చేతిలో పట్టుకొని వచ్చిన బండను చూస్తే నింపనివ్వరు. అది లోపల తేలే బుడ్డి ఉన్న బండో, మామూలు బండో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారికి తెలియదు. అనుమానం వస్తే నిరాకరిస్తారు. ఆ నిరాకరణను తప్పుపట్టడానికి లేదు. బయట ముఖద్వారం ఉన్న బండిపట్ల వారికి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ముఖద్వారాలలో కూడ దేశానికొక ఆచారం. బ్రిటన్, నెదర్లాండ్స్ దేశాలలో పంపుమూతిని గుచ్చి తిప్పే పద్ధతి. ఇటలీ, ఫ్రాన్స్, పోలెండులలో పళ్లెం ఆకారపు మూతి. జర్మనీ, బెల్జియం, ఐర్లండులలో మరబిగించే మూతి. స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో మరొక రకం. ఈ నాలుగు రకాలకు సరిపడే ఇత్తడి అడాప్టర్లు చిన్న సంచిలో పడతాయి. వాటిని ఇంట మరిచి సముద్రం దాటితే ఎంత మంచి బండ ఉన్నా వృథా. పరదేశపు గ్యాసు స్వభావం కూడ మారుతుంది. ఫ్రాన్స్ ఆటోగ్యాస్‌లో బ్యూటేన్ పాలు గణనీయంగా ఉంటుంది. చలిప్రాంతాలకు వెళ్లేవారు దీనిని దృష్టిలో ఉంచుకోవాలి.

ఎంత బండ కావాలి? దీనికి లెక్క కష్టమేమీ కాదు. కిలో ప్రొపేన్ మండితే సుమారు 13 యూనిట్ల విద్యుత్తుతో సమానమైన వేడి వస్తుంది. రెండు కిలోవాట్ల బర్నరు రోజుకు గంటసేపు వెలిగితే 150 గ్రాములు. గ్యాసుతో నడిచే చిన్నఫ్రిజ్ రోజుకు సుమారు 300 గ్రాములు. వేసవిలో రోజుకు అరకిలో అనుకోవచ్చు. 21 లీటర్లు పట్టే ‘11 కిలోల’ బండ మూడువారాలు వస్తుంది. శీతాకాలంలో హీటరు సగటున రెండు కిలోవాట్ల చొప్పున పదిగంటలు పనిచేస్తే దానికే కిలోన్నర కావాలి. వంట, ఫ్రిజ్ కలుపుకొంటే రోజుకు రెండు కిలోలు! అదే బండ వారం తిరగకుండానే అయిపోతుంది. అందుకే చలికాలంలో తిరిగేవారు రెండు బండలు పెట్టుకొని, ఒకటి అయిపోగానే రెండవదానికి తానే మారే రెగ్యులేటరును అమర్చుకొంటారు. అర్ధరాత్రి మంచులో దిగి బండ మార్చే పని తప్పుతుంది.

ఇక ధనలాభం మాట. నింపుకొనే బండ, గొట్టాలు, ముఖద్వారం, బిగింపు అన్నీ కలిపి మామూలు పద్ధతికంటె 300 పౌండ్లు అధికంగా ఖర్చయిందని, కిలోకు ఒకటిన్నర పౌండు మిగులుతున్నదని అనుకొందాం. ఆ 300 పౌండ్లు తిరిగిరావాలంటే 200 కిలోల గ్యాసు వాడాలి. ఏడాదికి 20 కిలోలు వాడే కుటుంబానికి ఇందుకు పదేళ్లు పడుతుంది. బండిలోనే కాపురముండి ఏడాదికి 150 కిలోలు వాడేవారికి పదహారు నెలలు చాలు. ‘సొంతబండ చౌక’ అనే మాట అందరికీ వర్తించదన్నమాట. కొద్దిగా వాడేవారు కొనుక్కొనేది పొదుపును కాదు, సౌకర్యాన్ని. ఎక్కడంటే అక్కడ నింపుకోగల స్వేచ్ఛకు అంత విలువ ఉన్నదని తోచినవారు కొనడంలో తప్పులేదు. లాభం వస్తుందని మాత్రం అనుకోరాదు.

బండ దేనితో తయారయినదన్నది కూడ ఆలోచించదగినదే. ఉక్కుబండ గట్టిది, చౌక, అయితే బరువు. అల్యూమినియం, గాజునారతో చేసిన మిశ్రమపదార్థపు బండలు తేలికైనవి, ఖరీదైనవి. ఐరోపాలో సాధారణ కారు లైసెన్సుతో నడపదగిన వాహనపు బరువు మొత్తం 3,500 కిలోలు మించరాదన్న పరిమితి చాలామందికి వర్తిస్తుంది. పరుపులు, నీళ్లు, మనుషులు, సామాను కలిస్తే ఆ పరిమితి ఎంతో దూరంలో ఉండదు. అక్కడ ఐదారు కిలోలు తగ్గినా మేలే. గాజునార బండ కొంత పారదర్శకంగా ఉంటుంది గనుక దీపానికి ఎదురుగా పెడితే ద్రవమట్టం కనిపిస్తుంది. ఇటువంటివి మన దేశంలో కూడ 2021 నుండి ఇండేన్ పేరుతో లభిస్తున్నవి.

సొంతబండ అంటే సొంతబాధ్యత కూడ. మన ఇంటిబండ మెడపై ఎ, బి, సి, డి అక్షరాలలో ఒకటి, దానిపక్కన రెండంకెలు ఉంటాయి. ఆ ఏడాదిలో ఏ మూడునెలలలోగా బండను పరీక్షించాలో అవి చెబుతాయి. చూసుకొనే పని చమురుసంస్థది. నింపుకొనే బండకు పరీక్ష గడువు తీరిందో లేదో యజమానే చూసుకోవాలి. పాతబండిని కొనేవారు చూడవలసిన మొదటి విషయాలలో ఇది ఒకటి. బండి మెరుస్తూ ఉండవచ్చు; లోపలి బండకు గడువు తీరి ఉండవచ్చు.

మూడవ మార్గమైన అడుగుట్యాంకు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎక్కువ గ్యాసు పడుతుంది, లోపల చోటు మిగులుతుంది. అయితే బురద, రాళ్లు, ఉప్పు చల్లిన శీతాకాలపు రోడ్లు దానికి శత్రువులు. పైగా ఊళ్లో గ్యాసుపంపు లేకపోతే వేరే దారి ఉండదు.

ఈ చివరి మాట నింపుకొనే బండకు కూడ కొంత వర్తిస్తుంది. బ్రిటన్‌లో గ్యాసుతో నడిచే కార్లు తగ్గుతున్నందున ఆటోగ్యాస్ అమ్మే బంకులు ఇటీవలి సంవత్సరాలలో తగ్గుతూ వస్తున్నవి. కార్లకోసం వెలసిన పంపును వంటవారు ఆశ్రయించారు. కార్లు మాయమైతే వంటవారి గతి ఏమిటన్న ప్రశ్న అక్కడ ఇప్పుడు వినబడుతున్నది. స్కాట్లండు ఉత్తరభాగం వంటి విరళప్రాంతాలకు వెళ్లేవారు దారిలో పంపులున్న ఊళ్లను ముందుగా గుర్తించుకొని, సగం అయిపోగానే నింపుకొంటారు. కొందరు నింపుకొనే బండ ఒకటి, మార్చుకొనే బండ ఒకటి ఉంచుకొంటారు. మధ్యేమార్గమే అయినా తెలివైన ఏర్పాటు. మరికొందరు హీటరును బండి నడిచే డీజిలుకు మార్చి, గ్యాసును వంటకు మాత్రమే మిగుల్చుకొంటున్నారు. అప్పుడు చిన్నబండ చాలు.

ఏ బండ ఎన్నుకొన్నా బిగించే పని నిపుణులదే. బిగించిన తరువాత కీళ్లవద్ద సబ్బునీటి నురుగు రాసి బుడగలు వస్తున్నవేమో చూడడం అక్కడా ఇక్కడా ఒకే పద్ధతి. అగ్గిపుల్ల గీసి చూడడం ఎక్కడా పద్ధతి కాదు. సహజంగా వాసనలేని ఈ వాయువుకు ఇథైల్ మెర్‌కాప్టన్ అనే దుర్గంధద్రవ్యాన్ని కలిపేది, కారితే మనిషి పసిగట్టాలనే. నిద్రలో ఉన్నవారికి, జలుబు చేసినవారికి, వయసుమళ్లినవారికి ఆ వాసన తెలియకపోవచ్చు గనుక గ్యాసును గుర్తించి మోగే పరికరాన్ని నేలకు దగ్గరగా అమరుస్తారు. మూసిన బండిలో పొయ్యి సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు ఏ వాసనా లేదు, ఎవరూ కలపలేరు కూడ. దానిని గుర్తించే పరికరం వేరు. అది నేలదగ్గర కాదు, పడుకొన్నవారి తలల ఎత్తున ఉండాలి.